స్విచ్ వేస్తే పాట రావాలి: పాటల పెట్టెకి ఏ చిన్న లినక్స్ పెట్టుకోవాలి?

పాత ట్రాన్సిస్టర్ రేడియోకి బూట్ అవడం అనే గొడవే లేదు. నాబ్ తిప్పితే టక్కుమని చిన్న శబ్దం, వెంటనే పాట. ఆపాలంటే మళ్ళీ నాబ్ తిప్పడమే. "షట్‌డౌన్ అవుతోంది, కాసేపు ఆగండి" అని అది ఏనాడూ అనలేదు. మూలన పడున్న రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ బోర్డునో (ఇకముందు 'పై బోర్డు' అంటే ఇదే), పాత ల్యాప్‌టాప్‌నో పాటల పెట్టెగా మారుద్దామనుకునేవాళ్ళ మనసులో ఉండేది ఆ రేడియోయే. తెర అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు. స్విచ్ వేస్తే పాట రావాలి, స్విచ్ తీస్తే ఆగిపోవాలి.

ఇందుకోసం వెతకడం మొదలుపెడితే డజను పేర్లు ఎదురవుతాయి. పైకోర్‌ప్లేయర్, మూడ్ ఆడియో, వాల్యూమియో, డైట్‌పై, ఆల్పైన్, బిల్డ్‌రూట్, టైనీ కోర్, యాంటిఎక్స్... ప్రతిదీ తేలికైనదే, ప్రతిదీ వేగంగా లేచేదే, వాటి మాట నమ్మితే. వీటిలో చాలావాటిని నేను ఎస్‌డీ కార్డు మీద రాసి, చెరిపి, మళ్ళీ రాసి చూశాను. ఆ పనిలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఎన్ని సెకన్లలో లేస్తుందన్న లెక్క కన్నా, పాట మధ్యలో ప్లగ్ పీకేస్తే ఏమవుతుందన్న ప్రశ్నే ఎంపికని తేలుస్తుంది. లేవడానికి పది సెకన్లు ఎక్కువ పట్టినా రోజూ సర్దుకుపోతాం. ఒకరోజు అసలు లేవకపోతే మాత్రం ఆ పెట్టె మళ్ళీ మూలకే పోతుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

పేర్ల జోలికి వెళ్ళేముందు మీ పాటలు ఎక్కడున్నాయో చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉండి, అది బోర్డుకే గుచ్చి ఉంటే పని చాలా సులువు. నెట్‌వర్క్ వచ్చినా రాకపోయినా పాట మొదలైపోవచ్చు. వైఫై దాని తీరికని బట్టి వెనకాల కలుస్తుంది. పాటలు ఇంకో కంప్యూటర్లోనో, నెట్‌వర్క్ డిస్క్‌లోనో ఉంటే మీరు ఎంత చిన్న సిస్టమ్ పెట్టినా వైఫై కలిసి, ఐపీ అడ్రస్ తెచ్చుకునేదాకా ఆగాల్సిందే. అక్కడే నాలుగైదు సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతాయి. ఇంటర్నెట్ రేడియో అయినా ఇదే కథ. ఇక తిరిగే హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలిస్తే, అది స్పీడ్ అందుకోవడానికే కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ డిస్క్ పెట్టుకుని లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ని చెక్కడం దండగ.

రెండోది, పెట్టెని వాడేది మీరొక్కరేనా, ఇంట్లో అందరూనా? మీరొక్కరే అయితే కమాండ్ లైన్‌తో సరిపెట్టుకోవచ్చు. పక్కవాళ్ళకి మాత్రం ఫోన్‌లో తెరిస్తే పాటల జాబితా, ఆల్బమ్ బొమ్మలు కనబడాలి. ఈ ఒక్క తేడాతో సగం పేర్లు పక్కకి పోతాయి.

ఇక ఎలా ఆపుతారు అన్నది. ముందు ఫోన్‌లో షట్‌డౌన్ నొక్కి, లైటు ఆరేదాకా ఆగి, అప్పుడు స్విచ్ తీసే ఓపిక మీకుందా? నిజం చెప్పండి. నాకు మొదటి వారం ఉండింది.

సెకన్లు ఎక్కడ పోతున్నాయి?

కరెంటు ఇచ్చిన దగ్గర్నుంచి మొదటి స్వరం వినబడేదాకా చాలా మంది చేతులు మారుతుంది పని. ముందు హార్డ్‌వేర్‌ని నిద్రలేపే ఫర్మ్‌వేర్, తర్వాత కెర్నెల్‌ని ఎక్కించే బూట్‌లోడర్, కెర్నెల్, ఆ పైన వెనకాల నడిచే ప్రోగ్రాములైన సర్వీసులు, చివర్న పాట వాయించే ప్లేయర్. పై బోర్డులో ఫర్మ్‌వేర్ తన పని తాను చేసుకునే కొన్ని సెకన్లలో మీ చేతిలో ఉన్నది తక్కువ. కాన్ఫిగ్ ఫైల్‌లో బూట్ డిలే 0 చేయొచ్చు, మొదట్లో వచ్చే రంగుల తెర ఆపేయొచ్చు, కార్డు ఉండగా ముందు యూఎస్‌బీలో వెతక్కుండా బూట్ వరస సరిచూసుకోవచ్చు. అంతే. పాత పీసీలైతే ఒక్కోసారి బయాస్ (పీసీలోని ఫర్మ్‌వేర్) తీసుకునే టైమే లినక్స్ మొత్తం లేచే టైమ్ కన్నా ఎక్కువ.

కెర్నెల్ కూడా పెద్ద దొంగ కాదు. అసలు దొంగలు సర్వీసులు. సర్వీసులని లేపి నడిపే సిస్టమ్‌డి అనే ప్రోగ్రామ్ ఉన్న ఏ డిస్ట్రోలోనైనా (డిస్ట్రో అంటే వాడుకోవడానికి సిద్ధంగా కూర్చి ఇచ్చిన లినక్స్) సిస్టమ్‌డి-ఎనలైజ్ కమాండ్‌ని బ్లేమ్ అనే మాటతో కలిపి కొడితే, ఎవరు ఎంతసేపు కూర్చున్నారో పెద్ద నుంచి చిన్నకి వరసగా చెబుతుంది. చాలాసార్లు పైన కనబడేది "నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగు" అనే సర్వీసే. పాటలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే దాన్ని డిజేబుల్ చేసేయండి. ఒక్క దెబ్బకి మిగిలే సెకన్లు డిస్ట్రో మార్చినా మిగలకపోవచ్చు. అయితే ఈ బ్లేమ్ జాబితాని గుడ్డిగా నమ్మొద్దు. ఎక్కువసేపు పట్టిన సర్వీసు వెనకాల తన మానాన తను నడుస్తూ ఉండొచ్చు, దాని కోసం ఎవరూ ఆగకపోయి ఉండొచ్చు. క్రిటికల్-చైన్ అనే ఇంకో మాటతో అదే కమాండ్ కొడితే నిజంగా ఎవరి కోసం ఎవరు ఆగారో తెలుస్తుంది.

నా పెట్టె ఒకరోజు ఎంతకీ పాడలేదు. తెర తగిలించి చూస్తే ఒక ఎర్ర చుక్క అటూ ఇటూ పరిగెడుతోంది, పక్కన 1 నిమిషం 30 సెకన్ల లెక్క నడుస్తోంది. సంగతేమిటంటే, పాటలున్న నెట్‌వర్క్ డిస్క్ ఆ రోజు ఆపేసి ఉంది. సిస్టమ్‌డి ఎవరి కోసమైనా మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. ఏ డిస్క్‌ని ఎక్కడ తెరవాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఆ లైనుకి నోఫెయిల్, ఆటోమౌంట్ ఆప్షన్లు రెండూ కలపడంతో తగ్గింది. డిస్క్ ఉంటే ఎవరైనా అడిగినప్పుడు తెరుచుకుంటుంది, లేకపోతే బూట్ దాని కోసం ఆగదు.

ప్లగ్ పీకితే

మామూలు లినక్స్ నడుస్తున్నంతసేపూ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. లాగ్‌లు, టైమ్, కాష్, ఏవేవో. అలా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ జర్నల్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా) కొంతవరకు కాపాడుతుంది గానీ, ఎస్‌డీ కార్డు లోపల జరిగే రాతకోతల్ని అది కాపాడలేదు. కార్డులో ఉండే చిన్న కంట్రోలర్ తన లెక్కల ప్రకారం డేటాని అటూ ఇటూ సర్దుతూ ఉంటుంది. ఆ సర్దుడు మధ్యలో ఆగితే మీరు ముట్టుకోని ఫైళ్ళు కూడా పాడవచ్చు. వారం రోజులు కూర్చుని అమర్చుకున్న కార్డు ఒకటి నాకు ఇలాగే పోయింది. బ్యాకప్ ఉందా అని అడక్కండి.

దీనికి దారులు రెండు. మొదటిది, సిస్టమ్ మొత్తాన్ని బూట్ అయ్యేటప్పుడే ర్యామ్‌లోకి ఎక్కించుకుని, ఆ తర్వాత కార్డు ముట్టుకోకపోవడం. టైనీ కోర్, దాని మీద కట్టిన పైకోర్‌ప్లేయర్, ఆల్పైన్‌లోని డిస్క్‌లెస్ పద్ధతి ఇలా పనిచేస్తాయి. రెండోది, సిస్టమ్ ఉన్న భాగాన్ని చదవడానికి మాత్రమే తెరిచి, మార్పులన్నీ దాని మీద పరిచిన పలచటి ర్యామ్ పొరలో పడేలా చూడటం. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో అయితే రాస్పీ-కాన్ఫిగ్ మెనూలోనే ఓవర్లే ఫైల్‌సిస్టమ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసి రీబూట్ చేస్తే చాలు. రెండింట్లో ఏది పెట్టుకున్నా ప్లగ్ నిర్భయంగా పీకొచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. రాత్రి ఆపిన పాట దగ్గర్నుంచే పొద్దున మొదలవ్వాలంటే, ఎక్కడ ఆపామన్నది ఎక్కడో రాసి ఉండాలి కదా? పాటలు వాయించే ఎంపీడీ అనే ప్రోగ్రామ్ అయితే దాన్ని స్టేట్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ ఫైల్ ర్యామ్‌లో ఉంటే కరెంటుతోపాటే పోతుంది. కార్డు మీద ఉన్నా, పాట మారిన వెంటనే రాయదు, మామూలు సెట్టింగ్‌లో 120 సెకన్లు ఆగి రాస్తుంది. ఈలోగా ప్లగ్ పీకితే పాత పాటే గుర్తుంటుంది. అందుకని నేను చేసేది, కార్డులో ఒక చిన్న భాగం వేరుగా ఉంచి, స్టేట్ ఫైల్, పాటల డేటాబేస్ రెండూ దాన్లో పెట్టి, ఆ విరామాన్ని 20 సెకన్లకి తగ్గించడం. ఆ చిన్న భాగం పాడైనా పోయేది పాట జాడే, సిస్టమ్ కాదు.

ఒక్కొక్కటిగా చూస్తే

పై బోర్డు ఉన్నవాళ్ళకి నేను ముందు చెప్పే పేరు పైకోర్‌ప్లేయర్. దీని కింద ఉన్నది టైనీ కోర్. రాబర్ట్ షింగిల్‌డెకర్ మొదలుపెట్టిన ఈ డిస్ట్రోలో కమాండ్ లైన్ మాత్రమే ఉండే కోర్ సైజు 20 ఎంబీ లోపే. ఇంత చిన్నది కాబట్టే ర్యామ్‌లోకి ఎక్కడం దానికి కష్టం కాదు. పైకోర్‌ప్లేయర్‌లో పాట వాయించేది స్క్వీజ్‌లైట్ అనే చిన్న ప్రోగ్రామ్. ఇమేజ్‌ని కార్డు మీద రాసి, వైఫై వివరాలు ఇచ్చి, బ్రౌజర్లో దాని పేజీ తెరిచి, మీ సౌండ్ కార్డు పేరు జాబితాలో ఎంచుకుని సేవ్ కొడితే అమరిక అయిపోయినట్టే. ఆ పేజీల్లో చేసిన మార్పులని అదే కార్డులోకి రాసుకుంటుంది. మీరు లోపలికి వెళ్ళి చేత్తో ఏదైనా ఫైల్ మారిస్తే మాత్రం బ్యాకప్ బటన్ నొక్కడం మర్చిపోకండి. మర్చిపోతే తర్వాతి బూట్‌కి ఆ మార్పు ఉండదు. కొత్తవాళ్ళు అందరూ ఒకసారైనా పడే గుంట ఇది.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. స్క్వీజ్‌లైట్ తనంతట తాను పాటలు వెతకదు. దానికి ఒక సర్వర్ కావాలి. ఆ సర్వర్ పేరు ఇప్పుడు లిరియన్ మ్యూజిక్ సర్వర్. స్లిమ్ డివైజెస్ అనే కంపెనీ తన నెట్‌వర్క్ ప్లేయర్ల కోసం తయారు చేసింది, 2006లో ఆ కంపెనీని లాజిటెక్ కొనుక్కుంది, తర్వాత ఆ ప్లేయర్లు ఆగిపోయినా సాఫ్ట్‌వేర్‌ని వాడేవాళ్ళే బతికించుకున్నారు, 2024లో ఈ కొత్త పేరు పెట్టారు. ఇంట్లో ఎప్పుడూ నడిచే కంప్యూటర్ ఒకటుంటే సర్వర్ అక్కడ పెట్టి, గదికో పైకోర్‌ప్లేయర్ పెట్టుకోవచ్చు. అన్ని గదుల్లో ఒకే పాట ఒకేసారి వినిపించడంలో దీన్ని మించింది ఉచితంగా దొరికేవాటిలో నాకు కనబడలేదు. అలాంటి కంప్యూటర్ లేకపోతే సర్వర్‌ని కూడా అదే బోర్డులో పెట్టుకోవచ్చు, పేజీలోనే ఆ ఆప్షన్ ఉంటుంది. కానీ అది పెర్ల్‌లో రాసిన పెద్ద ప్రోగ్రామ్. మొదటి తరం పై జీరోలాంటి ఒంటి కోర్ బోర్డులో అది లేచేసరికి మీరు వేరే పని మొదలుపెట్టేసి ఉంటారు. స్క్వీజ్‌లైట్ ఒక్కటే అయితే అదే బోర్డుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మూడ్ ఆడియో దీనికి పూర్తిగా వేరే దారి. టిమ్ కర్టిస్ తయారు చేసిన ఈ సిస్టమ్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మీద నిలబడి, ఎంపీడీతో పాటలు వాయిస్తుంది. ఫోన్‌లో తెరిస్తే కనబడే పేజీ చూడముచ్చటగా ఉంటుంది. ఆల్బమ్ బొమ్మలు, ఇంటర్నెట్ రేడియో, బ్లూటూత్, ఎయిర్‌ప్లే, స్పాటిఫై కనెక్ట్ అన్నీ ఒకచోటే. ఈక్వలైజర్ల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి కెమిల్లాడీఎస్‌పీ కూడా లోపలే ఉంది. అంత సామాను మోస్తుంది కాబట్టి లేవడం నెమ్మదే, పైకోర్‌ప్లేయర్‌తో పందెం కాయలేదు. అయినా ఇంట్లో అందరికీ ఒకటే పెట్టె అంటే నేను పెట్టేది ఇదే. పెట్టాక రోజంతా ఆన్‌లోనే ఉంచుతాను.

వాల్యూమియో కూడా ఇలాంటిదే. పై బోర్డులతోపాటు మామూలు పీసీల్లోనూ పనిచేస్తుంది. సిస్టమ్ భాగం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే చదవడానికి మాత్రమే పనికొచ్చే రూపంలో ఉంటుంది కాబట్టి ప్లగ్ పీకుడుని కాస్త తట్టుకుంటుంది. మొదటిసారి అమర్చడం వీటన్నిటిలోకీ ఇదే సులువు. కొన్ని సౌకర్యాలు డబ్బు కట్టినవాళ్ళకే అన్నది కొందరికి నచ్చదు, నాకూ నచ్చదు. అది ఇష్టాయిష్టాల సంగతి.

డైట్‌పై గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. డెబియన్‌ని బాగా సన్నగా చేసి, మెనూలోంచి ఎంపీడీ, స్క్వీజ్‌లైట్, లిరియన్ సర్వర్ లాంటివి టిక్ పెట్టి పెట్టుకునేలా చేశారు. లాగ్‌లు ర్యామ్‌లో పెడుతుంది. పై బోర్డు కాకుండా వేరే కంపెనీ బోర్డు చేతిలో ఉన్నప్పుడు ముందు చూడాల్సింది దీన్నే, ఎందుకంటే పైకోర్‌ప్లేయర్, మూడ్ రెండూ పై బోర్డు దాటి రావు.

ఇక ఆల్పైన్. చేత్తో చేసుకోవడంలో సరదా ఉన్నవాళ్ళకి ఇది నా ఓటు. మామూలు లినక్స్‌లో ఉండే గ్లిబ్‌సీ లైబ్రరీ బదులు చిన్నదైన మజిల్, కమాండ్లకి బిజీబాక్స్, సర్వీసులకి ఓపెన్‌ఆర్‌సీ. సిస్టమ్‌డి లేదు. డిస్క్‌లెస్ పద్ధతిలో పెడితే బూట్ అయ్యేటప్పుడు ప్యాకేజీలన్నిటినీ ర్యామ్‌లో పరిచి, మీ సెట్టింగ్‌లున్న ఒక చిన్న ఫైల్‌ని వాటి మీద విప్పుతుంది. ఎల్‌బీయూ కమిట్ అని కొట్టినప్పుడే ఆ ఫైల్ కార్డు మీదకి వెళ్తుంది. కొట్టకపోతే మీరు చేసినవన్నీ నీళ్ళ మీద రాతలే. ప్రయోగాలకి ఇంతకన్నా హాయి లేదు. ఏదైనా చెడగొడితే ప్లగ్ పీకి పెట్టడమే, నిన్నటి సిస్టమ్ లేచి కూర్చుంటుంది.

దీన్లో నేను దెబ్బ తిన్న చోటు చెబుతాను. ఎంపీడీ పెట్టాను, పాట వచ్చింది, కమిట్ కొట్టాను, మర్నాడు స్విచ్ వేశాను. నిశ్శబ్దం. లోపలికి వెళ్ళి చూస్తే ఎంపీడీ సెట్టింగ్ ఫైల్ ఉంది, ఎంపీడీ లేదు. కారణం ఏమిటంటే, కమిట్ సెట్టింగ్‌లనే దాస్తుంది, ప్యాకేజీలని కాదు. "ఎంపీడీ కావాలి" అన్న జాబితా మాత్రం దాచింది. బూట్ సమయంలో ఆ ప్యాకేజీని ఎక్కడో దొరకబుచ్చుకోవాలి, అప్పటికింకా వైఫై లేదు. ప్యాకేజీ కాష్‌ని కార్డు మీద పెట్టుకోవడానికి ఆల్పైన్‌లోనే ఒక సెటప్ కమాండ్ ఉంది, అది ముందే చేసి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. ఆ తర్వాత మాత్రం ఆ పెట్టె నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

బిల్డ్‌రూట్ అనేది డిస్ట్రో కాదు, డిస్ట్రో తయారు చేసుకునే సామాను. మెనూలో బోర్డు ఎంచుకుని, ఎంపీడీ, ఆల్సా (లినక్స్‌లో శబ్దం సంగతి చూసే భాగం) పనిముట్లు టిక్ పెట్టి, మేక్ అని కొడితే కంపైలర్ దగ్గర్నుంచి కెర్నెల్ దాకా అన్నీ తానే కట్టి చివరికి ఒక ఇమేజ్ చేతిలో పెడుతుంది. మీ కంప్యూటర్‌ని బట్టి మొదటిసారి గంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. అలా వచ్చిన సిస్టమ్‌లో మీరు అడగనిది ఒక్క ఫైల్ కూడా ఉండదు, కాబట్టి ఫర్మ్‌వేర్ పని ముగిశాక పాటకి పట్టేది చాలా తక్కువ. రేడియో నాబ్‌కి అన్నిటికన్నా దగ్గరికి వచ్చేది ఇదే. కానీ ప్యాకేజీ మేనేజర్ ఉండదు. చిన్న మార్పు కావాలన్నా మళ్ళీ కట్టి, మళ్ళీ కార్డు మీద రాయాలి. వైఫై చిప్‌కి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ మర్చిపోతే దాన్ని డౌన్‌లోడ్ చేద్దామన్నా వైఫై ఉండదు. ఒకే బోర్డు, ఒకే డాక్ (డిజిటల్ పాటని స్పీకర్‌కి వెళ్ళే శబ్దంగా మార్చే పరికరం), పెన్‌డ్రైవ్‌లో పాటలు, ఇక ఏళ్ళ తరబడి ముట్టుకోను అనేవాళ్ళకి ఇది బంగారం. వారానికోసారి కొత్తది ఏదో పెట్టాలనిపించేవాళ్ళకి చేదు మాత్ర.

పై బోర్డు లేదు, పాత ల్యాప్‌టాప్ ఉందంటారా? అది 64 బిట్‌దో 32 బిట్‌దో చూడండి. 2025లో వచ్చిన డెబియన్ 13తో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేశారు. ఆ పాతవాటికి ఆల్పైన్ 32 బిట్ రకం గానీ, టైనీ కోర్ గానీ బాగా నప్పుతాయి. 64 బిట్ అయితే యాంటిఎక్స్ మంచిది, సిస్టమ్‌డి లేకుండా తేలిగ్గా నడుస్తుంది, డెస్క్‌టాప్ కూడా ఉంటుంది. అయితే ల్యాప్‌టాప్ విషయంలో నా అసలు సలహా వేరు. బూట్ మీద కుస్తీ పట్టకండి. సస్పెండ్ సరిగ్గా పనిచేస్తోందేమో ముందు పరీక్షించండి. మూత తీస్తే రెండు మూడు సెకన్లలో లేచి, ఆగిన చోటు నుంచే పాడుతుంది. ఏ చిన్న డిస్ట్రో దీన్ని ఓడించలేదు. పైగా లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా భయం లేదు. పై బోర్డుల్లో ఈ సస్పెండ్ సౌకర్యం లేదు. కానీ పై జీరో 2 డబ్ల్యూ లాంటిది ఖాళీగా ఉన్నప్పుడు తినే కరెంటు ఒక వాట్ అటూ ఇటూ. దాన్ని ఆపకుండా వదిలేసి, ఆంప్లిఫయర్ స్విచ్ మాత్రం వాడుకున్నా బూట్ గొడవే తప్పుతుంది. ఇది ఓటమి ఒప్పుకోవడం అని కొందరంటారు. అననివ్వండి.

ఏ సిస్టమ్ పెట్టినా ఎదురయ్యేవి

బోర్డుకి ఉన్న 3.5 ఎంఎం జాక్ మీద ఆశలు పెట్టుకోకండి. పై బోర్డులో ఆ శబ్దం పల్స్ విడ్త్ పద్ధతిలో వస్తుంది, నిశ్శబ్దమైన చోట సన్నటి సొద వినబడుతుంది. జీరో బోర్డుల్లోనూ పై 5లోనూ ఆ జాక్ అసలే లేదు. యూఎస్‌బీ డాక్ గానీ, బోర్డు మీద కూర్చునే ఐ2ఎస్ డాక్ గానీ తీసుకోండి. ఐ2ఎస్ రకంలో పీసీఎం5102 చిప్ ఉన్నవాటికి హార్డ్‌వేర్ వాల్యూమ్ ఉండదు, పీసీఎం5122 ఉన్నవాటికి ఉంటుంది. కొనేటప్పుడు ఎవరూ చెప్పని తేడా ఇది. త్వరగా లేవడం ముఖ్యమైతే ఐ2ఎస్‌దే పైచేయి. యూఎస్‌బీ డాక్‌ని కెర్నెల్ గుర్తుపట్టేలోపే ప్లేయర్ పాట మొదలుపెట్టబోయి, సౌండ్ కార్డు దొరకలేదని ఎర్రర్ రాసి చేతులెత్తేయొచ్చు.

సౌండ్ కార్డు నంబర్లదీ ఇదే తంతు. సెట్టింగ్ ఫైల్‌లో "కార్డ్ 1" అని రాసుకుంటాం. ఒకరోజు హెచ్‌డీఎంఐ ముందు లేస్తుంది, ఇంకోరోజు డాక్ ముందు లేస్తుంది, నంబర్లు తారుమారు అవుతాయి. పాట నడుస్తున్నట్టే కనబడుతుంది, శబ్దం మాత్రం తగిలించని టీవీలోకి పోతూ ఉంటుంది. ఒక సాయంత్రమంతా వైర్లు మార్చి మార్చి చూశాను నేను. నంబర్ బదులు ఆల్సా చూపించే కార్డు పేరు రాస్తే ఈ బెడద ఉండదు.

ఇంటర్నెట్ రేడియో వినేవాళ్ళకి ఇంకో వింత. పై 5కి ముందు వచ్చిన పై బోర్డుల్లో గడియారం చిప్ లేదు. పై 5లో ఉన్నా, దానికి వేరే బ్యాటరీ తగిలిస్తేనే కరెంటు పోయాక టైమ్ గుర్తుంటుంది. మామూలు సిస్టమ్‌లు చివరి టైమ్‌ని ఒక ఫైల్‌లో రాసుకుని నెట్టుకొస్తాయి. ర్యామ్‌లో నడిచేవాటిలో ప్లగ్ పీకితే ఆ గుర్తు కూడా పోతుంది. బోర్డు ఏ 1970లోనో ఉన్నాననుకుంటూ లేస్తుంది. అప్పుడు సురక్షిత లింకులతో వచ్చే స్టేషన్ల సర్టిఫికెట్లన్నీ దాని కంటికి ఇంకా పుట్టనివే. స్టేషన్ తెరుచుకోదు. అరనిమిషం తర్వాత మళ్ళీ నొక్కితే వస్తుంది, ఎందుకో అర్థం కాదు. ప్లేయర్ కన్నా ముందు టైమ్ సరిచేసుకునేలా సర్వీసుల వరస మార్చాలి, లేదా చిన్న ఆర్‌టీసీ (గడియారం) చిప్ తగిలించాలి.

రియల్ టైమ్ కెర్నెల్ పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. పెట్టక్కర్లేదు. వాయిద్యం వాయిస్తూ అప్పటికప్పుడు వినాల్సినవాళ్ళకి అది కావాలి. ఉన్న ఫైల్‌ని చదివి పాడటానికి, కాస్త ముందే చదివి దాచుకునే బఫర్ ఉంది. సీడీ నాణ్యత పాట సెకనుకి 1,411 కిలోబిట్లు, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ రూపంలో ఇంకా తక్కువ. అంత చిన్న పనికి ఏ పాత ప్రాసెసర్ అయినా చాలు.

మరి నేనైతే?

పెన్‌డ్రైవ్‌లో పాటలు, నేనొక్కణ్ణే వినేది అయితే ఆల్పైన్ డిస్క్‌లెస్, ఎంపీడీ, ఐ2ఎస్ డాక్. ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది ఇదే. వైఫైని ఎంపీడీ తర్వాత లేచేలా పెట్టాను, కాబట్టి ఫోన్‌లో ఎంపీడీ యాప్ కలిసేలోపే పాట మొదలై ఉంటుంది. రెండు మూడు గదులు, ఎప్పుడూ నడిచే కంప్యూటర్ ఒకటి ఉంటే గదికో పైకోర్‌ప్లేయర్, ఇంకేం ఆలోచించను. ఇంట్లో అందరూ ఫోన్ల నుంచి పాటలు పంపాలంటే మూడ్, ఆపకుండా. ఎవరికైనా బహుమతిగా ఇచ్చి, తర్వాత దాని గురించి ఫోన్ రాకూడదనుకుంటే బిల్డ్‌రూట్.

ఏది పెట్టినా సీల్ చేసేముందు వాల్యూమ్ ఒక్కటి చూసుకోండి. మిక్సర్ లెవెల్‌ని ఆల్సా ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. ర్యామ్ సిస్టమ్‌లో దాన్ని కార్డులోకి కమిట్ చేయకపోతే, లేచిన ప్రతిసారీ డ్రైవర్ ఇచ్చిన లెవెల్‌తోనే మొదలవుతుంది. కొన్ని డాక్‌లకి అది పూర్తి వాల్యూమ్. ఆంప్లిఫయర్ కూడా ఎక్కువలో ఉండి, తెల్లవారుజామున అయిదింటికి మీరు స్విచ్ వేశారనుకోండి, ఇంట్లో అందరూ ఒకేసారి బూట్ అవుతారు.